జతరోజు

బహుళ దశమి

ఈ పని పుస్తకం నిన్నటిదాకా సన్నాసి తాత రాశాడు. ఇవాళ్టి నుంచి నేను రాస్తున్నాను. తాత కళ్ళకి పొర కమ్మింది. మెట్ట మీద ఇంకెవరికీ ఈ మిషను భాష రాదు. అందుకే నా చేతికొచ్చింది తప్ప నన్ను మెచ్చి ఎవరూ ఇవ్వలేదు.

నా పేరు పైడితల్లి. ఇరవై రెండేళ్ళు. ఏడాదిన్నరగా గొంతులకొట్టు కప్పు మీద సూర్యపలకలు తుడుస్తున్నాను. ఉప్పుగాలికి పూటపూటకీ తెల్లటి పొర పడుతుంది. తుడవకపోతే కరెంటు రాదు. కరెంటు లేకపోతే కింద గదిలో డిస్కు తిరగదు. డిస్కు తిరగకపోతే గొంతులు లేవు.

ఇనప ఓడలెక్కి, మునిగిన పట్నాలు తవ్వడానికి వెళ్ళినవాళ్ళ గొంతులు ఇక్కడుంటాయి. వెళ్ళేరోజు ఒకటి చెప్పి వెళ్తారు. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు తూర్పు ఓడ వచ్చినప్పుడు సంచిలో కొత్తవి వస్తాయి. ఇంట్లోవాళ్ళు వారానికోసారి వచ్చి బల్ల మీద కూర్చుని, చెవికి గొట్టం పెట్టుకుని విని వెళ్తారు. ప్రతి గొంతూ చివర్లో సంతకం పెడుతుంది. ఇది ఫలానావాళ్ళ గొంతు, ఫలానా వరస, ఫలానా ఇంటికి, అని.

ఇవాళ పొద్దున మెట్టపెద్ద దాలినాయుడు వచ్చి గోడకి కాగితం అంటించాడు. కొట్టు నూటికి తొంభయ్యేడు పాళ్ళు నిండిపోయింది. శుద్ధ నవమికి తూర్పు ఓడ వస్తోంది. కొత్త సంచికి చోటు లేదు. కాబట్టి పదేళ్ళు దాటినవి, మనిషి తిరిగిరానివి, శుద్ధ అష్టమినాడు చెరిపేస్తారట. కింద జాబితా. ఇరవయ్యారో పేరు సూరీడమ్మ, మూడో వరస, చివరిల్లు.

మా అమ్మ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఓడెక్కింది. నాలుగేళ్ళ పని అని చెప్పింది. పదమూడేళ్ళయింది. ఓడవాళ్ళ పట్టీలో ఆమె పేరు పక్కన బతికుందని లేదు, పోయిందని లేదు, తెలియదు అని ఉంటుంది. నా దగ్గర ఆమెది మూడు నిమిషాల నలభై సెకన్ల గొంతుంది. దాంట్లో తలకి నూనె పెట్టుకోమంటుంది, ఉమ్మడి వంటసాలలో అడిగి ఇంకో గరిటె వేయించుకోమంటుంది, చివర్లో సంతకం పెట్టి చిన్నగా దగ్గుతుంది. ఆ దగ్గు కోసం కూడా నేను వెళ్ళి వింటాను.

"నాయుడుబాబూ, ఇత్తనాల పట్టీలు మూడేసి సార్లు దాచినారు ఇందులో. అవి తియ్యండి ముందు," అన్నాను.

"ఇత్తనాలు తింటామే. గొంతులు తింటామేటి?"

"డిస్కులు రెండూ ముప్పాతిక వంతు ఖాళీగా పడున్నాయి. మీకు తెలుసేటి ఆ సంగతి?"

"ఖాళీ ఉంటే నిండిపోనానని మిషనెందుకు సెప్తాది?"

"కంచె లోపలే సూస్తాది కాబట్టి."

దాలినాయుడు తాత వైపు తిరిగాడు. తాత తన సరిగ్గా కనపడని కళ్ళతో నా మొహం వైపు చూసి, "నాయుడుబాబూ, పైడి గుంటకి ముక్కు పక్కన సెమట పట్టీసుంటాది, సూడండి. కోపమొచ్చినప్పుడల్లా అంతే. కుంత ఎనక్కి జరగండి," అన్నాడు.

చెమట పట్టిన మాట నిజమే. తుడుచుకున్నాను.

బహుళ ద్వాదశి

కంచె సంగతి రాస్తాను. తర్వాత ఎవరైనా చదివితే అర్థమవాలి.

కొట్టులో రెండు డిస్కులున్నాయి. దేనిమీద ఏది రాసినా రెండోదాని మీద కూడా అదే ఉండాలి. ఒకటి చచ్చినా రెండోది బతికిస్తుంది. అదీ జత. మొదట్లో ఈ స్థానంలో చిన్న డిస్కులుండేవి. అవి ఒక్కొక్కటే చచ్చిపోతే, తవ్వకాల్లో దొరికిన పెద్దవి తెచ్చి పెట్టారు. జత కుదరాలని కొత్తవాటిలో కూడా పాతదానంతే కంచె వేశారు. కంచెనే పార్టిషన్ అంటారు. కంచె అవతల నేల అంతా బీడు. ముప్పయ్యేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

కంచె జరపడం నాకు వచ్చు. మిషను లోపలే, దాన్ని నడిపే లైనక్స్ తయారుచేసినవాళ్ళు రాసిపెట్టిన సహాయపు పుటలున్నాయి. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది వాటిని చదవడానికే. ఒకదాన్ని జతలోంచి తీయాలి. కంచె పీకి, మొదటి రాయి అంగుళం కదలకుండా పాత చోటే పాతి, చివరి రాయి దూరంగా పాతాలి. తిరిగి జతలో పెట్టాలి. రెండోదాన్నుంచి ఇందులోకి అంతా నకలు అయ్యేదాకా ఆగాలి. అప్పుడు రెండోదానికీ అదే పని. రెండూ అయ్యాక జతని పెరగమనాలి. అన్నిటికంటే ఆఖర్న, గొంతులు పేర్చి ఉన్న అరల వరస, ఫైల్ సిస్టం, దాన్ని పెరగమనాలి. వరస తప్పితే అంతా పోతుంది.

మా ఇంట్లో ఒక చచ్చిన మిషను, నాలుగు కొనఊపిరి డిస్కులు ఉన్నాయి. వాటిమీద ఈ పని ఏడుసార్లు చేశాను. ఏడుసార్లూ కుదిరింది.

తాతకి చెప్తే చెవులు మూసుకున్నాడు. తాత ఇక్కడికి రాకముందు బళ్ళు తోలేవాడు. డిస్కులకి ఎర్రది, నల్లది అని ఎడ్ల పేర్లు పెట్టిందీ ఆయనే. ఎడ్లకి లాగానే వీటికీ విశ్రాంతి ఉండాలని పద్ధతి పెట్టాడు. శుద్ధ పక్షం అంతా ఎర్రది తిరుగుతుంది, నల్లది పడుకుంటుంది. బహుళ పక్షం నల్లది తిరుగుతుంది. రెండూ తిప్పేంత కరెంటు మనకు రోజూ లేదు, అందుకు పెద్దలు ఒప్పుకున్నారు. మార్చే రోజు మాత్రం రెండూ కలిపి తిప్పుతారు. పడుకున్నదాంట్లోకి పదిహేను రోజుల కొత్తదంతా ఎక్కుతుంది. దాన్ని జతరోజు అంటారు. ఆ రోజు తాత తలుపేసుకుని ఒక్కడే చేసుకుంటాడు. నాకు ఇన్నాళ్ళూ పలకలే.

దీన్నుంచి జనం ఇంకో మూఢనమ్మకం తీశారు. కొన్ని గొంతులు పున్నమివట, కొన్ని అమావాస్యవట. గంగులమ్మత్త మొగుడు అసిరయ్యది అమావాస్య గొంతట. వెన్నెల రోజుల్లో అది పలకదట. మా అమ్మది రెంటికీ పలుకుతుందని తాత అంటాడు గాని, మా వరసకి రాసింది శుద్ధ పక్షం. రెండు డిస్కులూ ఒకటే. జనాన్ని సగం సగం రమ్మనడానికి తాత పెట్టిన పితలాటకం ఇది, వీళ్ళు దాన్ని నిజమనుకున్నారు. రెండూ ఒకటే అని ఇక్కడ రాస్తున్నాను. సంతకం, పైడితల్లి.

"అమాస నాడు జతరోజు కదా తాతా. ఆ రోజు నాకియ్యి," అన్నాను.

"పోతే?"

"ఊరుకున్నా పోద్ది కదా. ఇరవయ్యారో పేరు సదివి ఇనిపించమంటావేటి మళ్ళీ?"

తాత పంచె అంచు నలిపాడు. ఏదో చెప్పబోయాడు. మానేశాడు. "ఎర్రదాన్ని ముందు ముట్టుకోకు," అన్నాడు చివరికి.

అమావాస్య

పొద్దుండగానే రాస్తున్నాను. తొందరలో అక్షరాలు బాగుండవు.

పలకలు తెల్లారగానే తుడిచాను. ఎండ బాగా కాసింది. రెండు డిస్కులూ తగిలించి మిషను లేపాను. జత కట్టుకోమన్నాను. మిషను ఎర్రదాన్ని మాత్రం తీసుకుని, నల్లది పాతబడింది అని ఒక ముక్క రాసి, దాన్ని పక్కన పెట్టేసింది.

నాకు సంతోషం వేసింది. ఎలాగూ నేను తీయాల్సిందే కదా, నా పని అదే చేసింది అనుకున్నాను.

నిన్నటిదాకా పదిహేను రోజులు తిరిగింది నల్లది. పడుకున్నది ఎర్రది. అలాంటప్పుడు పాతబడినది నల్లదెలా అవుతుంది? ఈ ప్రశ్న ఐదేళ్ళ పిల్లకి కూడా రావాలి. నాకు రాలేదు. సహాయపు పుటల్లో ఇంకో మాట కూడా ఉంది. ఏ పనికైనా ముందు రెండూ సమానంగా ఉన్నాయో లేదో సరిచూడు అని. ఇంటి దగ్గర ఏడుసార్లలో ఒక్కసారి కూడా సరిచూడలేదు. ఆ డిస్కులు నేనే నింపాను కాబట్టి అవి ఎప్పుడూ సమానమే. సరిచూడటానికి ఒక ఎండ రోజు పడుతుంది. ఆ రోజు నాకు దండగ అనిపించింది.

నల్లదాని కంచె పీకాను. మొదటి రాయి రెండువేల నలభై ఎనిమిదో గడిలో ఉండేది, అక్కడే పాతాను. చివరి రాయి డిస్కు కొసకి పంపాను. జతలో పెట్టాను. ఎర్రదాన్నుంచి నల్లదాంట్లోకి నకలు మొదలైంది. తెర మీద ఒక పాలు, రెండు పాళ్ళు. లేచి ఒళ్ళు విరుచుకున్నాను.

పద్నాలుగు పాళ్ళ దగ్గర గంగులమ్మత్త వచ్చింది. ఉప్పుమడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది.

"ఓలె పైడీ, రేపట్నించి ఎర్రదే కదా. పదేను రోజులు మీ మావ పలకడు. ఈయాల ఓపాలి ఇనిపించెయ్యి."

"పని జరుగుతున్నాదత్తా."

"నీ పనికి నానేటైనా అడ్డొచ్చినానేటి? బల్ల మీద ఓ పక్కన కూకుంటాను."

జత పని జరుగుతున్నా గొంతులు వినొచ్చు. ఎర్రది తిరుగుతూనే ఉంది. "సూడత్తా, ఈయాల నీకు ఎర్రదాంట్లోంచే ఇనిపిస్తాను. ఇంక అమాసలూ పున్నాలూ అనకు," అన్నాను నవ్వుతూ. అసిరయ్య అని కొట్టాను.

లేదు అంది.

పేరు తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టాను. లేదు. వరసతో వెతికాను, ఇంటితో వెతికాను. లేదు.

"నేదు కదే? ఎన్నెల్లో పలకడని సెప్పినానా," అంది గంగులమ్మత్త. ఆమెకి భయం లేదు. అలవాటైపోయిన విషయం చెప్తున్నట్టు చెప్పింది. "నల్లదాన్ని లేపు. ఉంటాడు."

నల్లది లేచే ఉంది. నేనే దాన్ని తుడిపిస్తున్నాను. ఎర్రదాంట్లో లేని గొంతుల మీద ఎర్రదాన్ని పరుస్తున్నాను.

ఆపు అని కొట్టాను. వెంటనే ఆగలేదు, ఇంకో క్షణం తిరిగింది. అప్పుడు ఆగింది.

"ఏటైనాదే?" అంది.

"రేపు రా అత్తా," అన్నాను.

శుద్ధ పాడ్యమి

తాతని అడిగాను. అడిగానని రాయడం మర్యాదకి. అరిచాను.

ఆరేళ్ళ కిందట గాలివాన పదిహేడు రోజులు ఉంది. ఎండ లేదు, జతరోజు కుదరలేదు. బ్యాటరీలో ఉన్న కాస్తతో ఏది దొరికితే అది ఒంటరిగా తిప్పారు. గాలివాన వెలిశాక జత పెడితే మిషను ఒప్పుకోలేదు.

"ఇంగిలీసులో ఏదో రాసింది. నాకు తెలీనేదు," అన్నాడు తాత. "దెబ్బలాడుకున్న ఎడ్లని ఒక కాడికి కట్టకూడదు కదా. రెండు పున్నాలు పోనిస్తే సర్దుకుంటాయిలే అనుకున్నాను. దేన్ని దాన్ని ఇడిగా తిప్పినాను. మళ్ళీ పెడితే మళ్ళీ అదే మాట రాసింది."

"ఎవులికీ సెప్పలేదేం?"

"ఎవులికి సెప్పీది? ముప్పయ్యేళ్ళు జత కట్టినోడివి నీకే తెల్దేటి అంటారు కదా."

"మరి అమాస గొంతులు, పున్నం గొంతులు?"

"నాననలేదే. జనమే కనిపెట్టినారు. నానూరుకున్నాను."

ఆరేళ్ళుగా శుద్ధ పక్షంలో వచ్చిన గొంతులు ఎర్రదాంట్లోనే పడ్డాయి, బహుళ పక్షంలో వచ్చినవి నల్లదాంట్లోనే పడ్డాయి. జనం చెప్పింది అక్షరాలా నిజం. మెట్ట మీద ఆ నిజం తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

పని పుస్తకం వెనక్కి తిప్పి తాతకి చదివి వినిపించాను. ఆరేళ్ళలో నూట నలభైకి పైగా జతరోజులు. ప్రతి దానికీ ఒకటే వాక్యం, జత అయింది, రెండూ ఒకటే. చదువుతూ చదువుతూ బహుళ ద్వాదశి దగ్గరికి వచ్చాను. రెండూ ఒకటే అని ఇక్కడ రాస్తున్నాను, సంతకం, పైడితల్లి. పుస్తకం మూశాను.

తాత భయపడి రాశాడు. నేను పొగరుతో రాశాను. చెరిపింది మాత్రం నేను.

శుద్ధ తదియ

నల్లదాంట్లో కంచె మొదలు నుంచి పద్నాలుగు పాళ్ళు పోయింది. మిగతా ఎనభయ్యారు పాళ్ళు ముట్టుకోలేదు. కానీ ఏ గొంతు ఏ గడిలో ఉందో చెప్పే పట్టిక ముందు భాగంలోనే ఎక్కువ ఉంటుంది, అది చెదిరిపోయింది. అందుకని పట్టికను నమ్మకుండా గడి గడీ చదివే చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రతి గొంతు మొదట్లో ఒకే రకం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనపడిన చోటి నుంచి గొంతు తెగేదాకా తీసి, ఇంటి నుంచి తెచ్చిన కొనఊపిరి డిస్కుల్లో పెట్టింది. ఒక్కోటి రెండు చోట్ల పెట్టించాను. నల్లదాని మీద మాత్రం ఒక్క అక్షరం రాయనివ్వలేదు.

నిన్నా ఇవాళా ఎండ ఉన్నంతసేపూ అదే పని. మొదట దొరికినవాటిలో అసిరయ్య ఉన్నాడు. పూర్తిగా ఉన్నాడు. గంగులమ్మత్తని పిలిచి వినిపించాను. శుద్ధ పక్షంలో మొగుడి గొంతు వినడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. విన్నాక గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఎన్నెల్లో కుంత బొంగురుగా ఉన్నాడే," అంది. తలూపాను.

కొన్నిటికి తల లేదు. నిండిన డిస్కులో కొత్త గొంతుకి ఒకేచోట స్థలం దొరకదు, ఇక్కడో ముక్క అక్కడో ముక్కగా దూరుతుంది. మొదటి ముక్క పద్నాలుగు పాళ్ళలో పడి పోయినవి తలలేని మొండేలుగా దొరికాయి. అవి ఎవరివో తెలియాలంటే చివరి సంతకం దాకా వినడం తప్ప దారి లేదు. నేనూ తాతా కూర్చుని విన్నాం. తాతకి కళ్ళు పోయాయి గాని చెవులు పోలేదు. సంతకం రాకముందే గొంతు గుర్తుపట్టి ఇల్లు చెప్పేస్తున్నాడు. నేను రాసుకుంటున్నాను.

పదకొండో మొండెం మొదలైంది. రెండు మాటలు కూడా పూర్తవలేదు.

"ఆపు," అన్నాడు తాత.

"ఏటి?"

"నాను బయట కూకుంటాను. నువ్వు ఒక్కదానివీ ఇను," అని గోడ పట్టుకుంటూ లేచి వెళ్ళిపోయాడు.

యాభై రెండు సెకన్లు. మొత్తం రాస్తున్నాను, మళ్ళీ పోతే ఇక్కడైనా ఉంటుంది.

"...అందుకే ఒప్పుకున్నానే పైడీ. కోప్పడకు. నీకు కోపమొస్తే ముక్కు పక్కన సెమట పడతాది. నాకూ అంతే. ఈ ఓడలో అందరూ నవ్వుతారు. సల్లగచ్చు మీద తొంగోకు. నీ జడ ఎంత పొడుగైందో సెయ్యెట్టి కొలుసుకోని సెప్పు. నడుం దాటిందేటి? వచ్చీ సంచిలో సెప్పి పంపు, నానింటాను. ఇది సూరీడమ్మ గొంతు. మూడో వరస, సివరింటికి."

దగ్గలేదు.

గాలివాన పక్షంలో వచ్చిన సంచి అది. ఆ పదిహేడు రోజులు తాత జ్వరంతో పడుంటే ఓడవాళ్ళే గబగబా నల్లదాంట్లో పోసి వెళ్ళిపోయారు. పుస్తకంలో ఆ పేజీ ఖాళీ. ఎవరికి ఏం వచ్చిందో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ళుగా శుద్ధ పక్షం వచ్చినప్పుడల్లా ఇదే బల్ల మీద కూర్చుని, మూడు నిమిషాల నలభై సెకన్లే ఉందనుకుని విన్నాను. ఇంకోటి నా మోచేతికి జానెడు దూరంలో, నల్లరేకు డబ్బాలో నిద్రపోతోంది. నాకు పదహారేళ్ళప్పటి నుంచి. అమావాస్యకి ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే పూర్తిగా వినేదాన్ని.

దేనికి ఒప్పుకుంది? అందుకే అంటే ఎందుకు? అది ముందు సగంలో ఉంది. ముందు సగం అమావాస్యనాడు పొద్దున్న, ఎండ బాగా కాస్తుండగా, నేను ఒళ్ళు విరుచుకుంటుండగా పోయింది.

చెయ్యి పెట్టి చూసుకున్నాను. పలకల మధ్య చిక్కుకుంటోందని నిరుడు జుట్టు కత్తిరించేశాను. చెవి దాకా ఉంది.

శుద్ధ షష్ఠి

నల్లదాన్ని ఆఖరి గడి దాకా చదివేశాను. ఇంక తీయడానికేమీ లేదు. తీసినవన్నీ తెరిచి చూసి, రెండు కాపీలనీ ఒకదానితో ఒకటి సరిచూశాను. అవును, ఒక ఎండ రోజంతా. దండగ కాదు.

ఆ తర్వాత నల్లదాన్ని మళ్ళీ జతలో పెట్టాను. నకలు మొదటి నుంచి నూరు పాళ్ళూ పూర్తయింది. ఎర్రదాన్ని తీసే ముందు రెండూ సమానమో కాదో మిషనుతో సరిచూపించాను. తేడా సున్నా. అప్పుడు ఎర్రదాని కంచె పీకాను. రెండువేల నలభై ఎనిమిది. ఆ అంకె నేను చదివి, తాతతో పైకి అనిపించుకున్నాను, నాలుగుసార్లు.

"నాలుగోపాలికి మారిపోద్దేటే?" అన్నాడు.

"నన్ను నాను నమ్మను తాతా ఇప్పుడు."

"అలగైతే అయిదోపాలి కూడా అంటాను. రెండువేల నలభై ఎనిమిది."

ఎండ చాలదనిపించింది. మా ఇంటి పలక, గంగులమ్మత్త ఇంటి పలక పీకి తెచ్చి కప్పు మీద బిగించాను. వంటసాలవాళ్ళు అడక్కుండానే ఇంకోటి ఇచ్చారు. ఇక నుంచి రెండు డిస్కులూ రోజూ కలిసే తిరుగుతాయి. పున్నమి పక్షం, అమావాస్య పక్షం లేదు.

శుద్ధ అష్టమి

ఎర్రదాంట్లోకి కూడా నకలు పూర్తయ్యాక, పొద్దున్నే జతని పెరగమన్నాను. పెరిగింది. అరల వరసలో తప్పులున్నాయేమో చూసి, దాన్నీ పెరగమన్నాను. తెర మీద అంకె మారింది. తొంభయ్యేడు పాళ్ళు కాస్తా ఇరవై నాలుగైంది. పక్కన పెట్టిన గొంతులన్నీ లోపలికి తెచ్చాను. అంకె ఇరవయ్యారు పాళ్ళైంది.

దాలినాయుడు జాబితా పట్టుకుని వచ్చాడు. తెర చూపించాను. చదివించుకున్నాడు. జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిదే కదే. మొహమలగ పెట్టినావేటి?"

చెప్పాను. నల్లదాంట్లో మాత్రమే ఉండి, తాత పుస్తకంలో పేరున్న గొంతులు రెండువందల మూడు. వాటిలో పూర్తిగా దొరికినవి నూట ఎనభై. సగం దొరికినవి పన్నెండు. అసలే లేనివి పదకొండు. గాలివాన సంచిలోవి పుస్తకంలో లేవు కాబట్టి వాటిలో ఎన్ని పోయాయో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. దొరికినవి మాత్రం తొమ్మిది. అందులో ఒకటి సగం, అది మా ఇంటిది.

"సరిసూసుకోకుండా నాను మొదలెట్టినాను. అందుకే పోయినాయి," అన్నాను.

"జత అయినాదని ఆరేళ్ళు రాసినోడిని నాను," అన్నాడు తాత గుమ్మం దగ్గర నుంచి. "గుంట పేరు ఎత్తితే నాతో పనుంటాది నాయుడుబాబూ."

దాలినాయుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన చెల్లెలి మాట ఆ పదకొండులో ఉంది. నాకు తెలుసు, నేనే రాసుకున్నాను. ఆయనకి ఇంకా తెలియదు.

"నాయుడుబాబూ, కూకోండి," అన్నాను.

కూర్చున్నాడు. చెప్పాను. "మిగతా పది ఇళ్ళకీ కూడా నువ్వే ఎల్లి సెప్పు. కాగితం అంటించకు," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నాను అంటించినట్టు," అన్నాడు.

పది ఇళ్ళకీ వెళ్ళాను. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగడమే కష్టమైంది.

శుద్ధ నవమి

తూర్పు ఓడ వచ్చింది. కొత్త సంచి లోపలికి ఎక్కించాను, రెండింటిలోనూ పడింది. చూశాను. మా ఇంటికి ఏమీ లేదు. ఓడవాళ్ళ పట్టీలో సూరీడమ్మ పక్కన తెలియదు అనే ఉంది. చచ్చిపోయిందని రాయలేదు కదా అని పట్టీవాడిని రెండుసార్లు అడిగాను. ఓపిగ్గానే చెప్పాడు.

తిరిగి వెళ్ళే సంచికి సాయంత్రం దాకా గడువు. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి బల్ల మీద కూర్చుని, పోయింది మళ్ళీ చెప్పమని తమవాళ్ళకి చెప్పి వెళ్ళారు. దాలినాయుడు కూడా వచ్చాడు. తలుపు వేయమన్నాడు. వేశాను.

అందరూ అయ్యాక నేను కూర్చున్నాను. పదమూడేళ్ళలో నేను ఎప్పుడూ గొంతు పంపలేదు. ఎవరికి పంపాలో తెలియక కాదు, కోపంతో. తాత గొట్టం నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళబోతే ఉండమన్నాను.

నేను చెప్పింది ఇది. రెండు డిస్కుల్లోనూ ఉంది, సరిచూశాను. అయినా ఇక్కడ కూడా రాస్తున్నాను.

"అమ్మా, నాను పైడిని. ఆరేళ్ళ కిందట నువ్వు పంపింది మొన్న దొరికింది. అందుకే ఒప్పుకున్నాను అన్న కాడినించే దొరికింది. దాని ముందుది నా సేతులో పోయింది. నువ్వు సెప్పకపోవడం కాదు, నాను పోగొట్టినాను. జడ నేదే. కత్తిరించీసినాను, సెవి దాకా ఉన్నాది. నువ్వొస్తానంటే మళ్ళీ పెంచుతాను. సెమట ఇప్పుడు కూడా పడుతున్నాది, కోపం నేదు గాని. ఎందుకు ఒప్పుకున్నావో మొదట్నించి సెప్పు. బేగి సెప్పక్కర్నేదు, కుదించక్కర్నేదు. ఇక్కడ శానా సోటున్నాది. ఇది పైడితల్లి గొంతు. సూరీడమ్మకి, ఏ ఓడలో ఉంటే ఆ ఓడకి."